తగ్గిన ధర ఎవరి నుదుటి మీద పడింది?



ఏదైనా చవకగా దొరికితే దాన్ని దేవుడు తెరిచిన ద్వారమని సాక్ష్యం చెప్పడం మన సంఘాల్లో బాగా అలవాటైంది. స్థలం తక్కువకు వస్తే కృప, బండి తక్కువకు వస్తే కృప. ఈమధ్య ఈ మాట కొత్త సందర్భంలో వింటున్నాను. హైదరాబాదులో, బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న మన యౌవనస్థులు నేపాల్ వెళ్లి ఎవరెస్ట్ బేస్ క్యాంప్ ట్రెక్ చేసి వస్తున్నారు. ఫోటో కింద 121వ కీర్తన పెడుతున్నారు. సంతోషమే. కొండలను చూసి సృష్టికర్తను తలచుకున్నవాణ్ని తప్పుపట్టే పాస్టరును కాను. కానీ ఆ సాక్ష్యంలో ఒక మాట నన్ను ఆపుతుంది: "అందరికంటే తక్కువ రేటుకు ప్యాకేజీ దొరికింది, దేవునికి స్తోత్రం." ఆ తగ్గిన డబ్బు ఎక్కడ తగ్గిందో అడగకుండా స్తోత్రం చెప్పకూడదని నా అభిప్రాయం.

నేను ఆ దారి నడవలేదు, నా మోకాళ్లు ఒప్పుకోవు. వెళ్లొచ్చినవాళ్ల దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నాను, కొంత చదివాను. తెలియనివారి కోసం రెండు మాటలు చెబుతాను.

లుక్లా అనే ఊళ్లో చిన్న విమానం దిగుతుంది. అది సముద్రమట్టానికి సుమారు 2,860 మీటర్ల ఎత్తు. అక్కడి నుంచి పైకి మోటారు బండి తిరిగే రోడ్డు లేదు. నామ్చే బజార్ 3,440 మీటర్లు, దింగ్‌బోచే 4,410, చివరికి బేస్ క్యాంప్ 5,364. పైన బియ్యం బస్తా, గ్యాస్ సిలిండర్, ప్లైవుడ్ రేకు, మనం తాగే నీళ్ల సీసా ఏది కనబడినా అది ఒక జంతువు వీపు మీదో, మనిషి వీపు మీదో, లేకపోతే హెలికాప్టర్‌లోనో వచ్చిందే. అందుకే ఎత్తు పెరిగేకొద్దీ టీ ధర కూడా పెరుగుతుంది. మనవాళ్లు అక్కడ కూడా సంతలో వంకాయలు బేరమాడినట్టు బేరమాడతారట.

మనిషి మోసే పద్ధతి మన కావడి లాంటిది కాదు. వెదురు బుట్టను వీపుకు ఆనించి, దాని కింది నుంచి వచ్చే పట్టీని నుదుటికి వేసుకుంటారు. పట్టీని నామ్లో అంటారు, బుట్టను డోకో అంటారు. చేతిలో పొట్టి కర్ర ఒకటి ఉంటుంది. అలసినప్పుడు బరువు దించకుండా ఆ కర్ర మీద బుట్టను ఆనించి, నిలబడే ఊపిరి తీసుకుంటారు. నామ్చే సంతకు సరుకు మోసుకెళ్లేవాళ్లను తూకం వేసి శాస్త్రవేత్తలు 2005లో ఒక పరిశోధన ప్రచురించారు. మగవాళ్లు సగటున తమ ఒంటి బరువులో 93 శాతం మోస్తున్నారు, ఆడవాళ్లు 66 శాతం. అరవై కిలోల మనిషి తల వంచుకుని దాదాపు ఇంకో మనిషిని మోస్తూ కొండెక్కుతున్నాడన్నమాట. మన పాడేరు, అరకు పైగూడేల్లో రోగిని డోలీలో దించడం చూసినవాళ్లకు ఇది వేరే వివరించనక్కరలేదు.

ఇప్పుడు గైడ్ సంగతి. మంచి గైడ్ పని దారి చూపడం కంటే మనల్ని నెమ్మదిగా నడిపించడం. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదని, మూడు నాలుగు రోజులకొకసారి ఒక రోజు ఆగాలని వైద్యులు చెబుతారు. నామ్చేలో ఒక రోజు, దింగ్‌బోచేలో ఒక రోజు ఆపేది అందుకే. బేస్ క్యాంప్ దగ్గర మనకు అందే ఆక్సిజన్ సముద్రతీరంలో అందేదానిలో సుమారు సగమే. తొందరపడితే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది, మెదడు ఉబ్బుతుంది, ప్రాణం పోతుంది. తలనొప్పి అన్నవాణ్ని గైడ్ గమనిస్తాడు, ముదిరితే కిందికి దింపుతాడు, అవసరమైతే హెలికాప్టర్ పిలుస్తాడు. మనకు బీమా ఉంది కదా.

బ్యాగు మోసే పోర్టర్ సంగతి ఎవరు గమనిస్తారు? నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఇదే. "వాళ్లకేం, కొండల్లో పుట్టినవాళ్లు, అలవాటే" అని మన తమ్ముళ్లు తేలిగ్గా అనేస్తారు. అది అబద్ధం. షెర్పా అంటే మనం మోతగాడు అనుకుంటున్నాం. అది ఒక జాతి పేరు. ఎన్నో తరాలుగా ఆ ఎత్తుల్లో బతుకుతున్న ప్రజలు వాళ్లు. మన బ్యాగులు మోసేవాళ్లలో చాలామంది షెర్పాలు కారు. కింది కొండల నుంచి, పొలాలున్న ఊళ్ల నుంచి సీజనుకు కూలికి వచ్చే రాయ్, తమాంగ్, మగర్ కుటుంబాలవాళ్లు. పాలమూరు నుంచి ఆనకట్టల పనికి వలస వెళ్లినవాళ్ల లాంటివాళ్లు. ఆ ఎత్తు మనకెంత కొత్తో వాళ్లలో చాలామందికీ అంతే కొత్త. మనకు పట్టే జబ్బే వాళ్లకూ పడుతుంది.

1997లో ఒక యువ పోర్టర్‌కు ట్రెక్ మధ్యలో ఎత్తు జబ్బు చేసింది. అతనికి కూలి లెక్క కట్టి చేతిలో పెట్టి, ఒంటరిగా కిందికి పంపేశారు. మరుసటి రోజు గడిచేసరికి చనిపోయాడు. ఆ చావు తరువాతే అంతర్జాతీయ పోర్టర్ల రక్షణ బృందం అనే సంస్థ పుట్టింది. వాళ్లు అడిగినవి పెద్ద కోరికలు కావు. చలికి తగిన బట్టలు, చెప్పులు కాక బూట్లు, పడుకోవడానికి చోటు, కడుపుకు తిండి, జబ్బు చేస్తే మనకు చేసే వైద్యమే, ఒంటరిగా కిందికి పంపకపోవడం, నేపాల్‌లో 30 కిలోలకు మించని బరువు. గోక్యో దారిలో మచ్ఛెర్మో దగ్గర పోర్టర్ల కోసం ఒక ఆశ్రయం కూడా కట్టారు.

ఇక లెక్కకు వద్దాం. ట్రెక్ ఖర్చులో విమానం టికెట్టు, జాతీయ పార్కు రుసుము కంపెనీ తగ్గించగలిగేవి కావు. మరి ఒక కంపెనీ పక్క కంపెనీ కంటే బాగా తక్కువకు ఎలా ఇస్తుంది? ఇద్దరి బ్యాగులు మోయాల్సిన పోర్టర్‌కు ముగ్గురివి కడితే ఒక మనిషి కూలి మిగులుతుంది. అతని తిండి అతన్నే చూసుకోమంటే ఇంకొంత, బీమా కట్టకపోతే ఇంకొంత మిగులుతుంది. ఎత్తులో ఆగే ఒక రోజు తీసేస్తే అందరి ఖర్చూ తగ్గుతుంది. చవక ప్యాకేజీలన్నీ ఇలాంటివే అనను. కానీ అడగనివాడికి తేడా తెలియదు.

"అతనే సంతోషంగా ఒప్పుకున్నాడు కదయ్యా" అంటారు. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో సాయంకాలం దాకా సంతవీధిలో నిలబడినవాళ్లను గుర్తు చేసుకోండి. వాళ్లు ఎంతకైనా ఒప్పుకునేవారే. మన ఊరి అడ్డా మీద పొద్దున పది దాటాక నిలబడిన మేస్త్రీ కూలీ కూడా ఒప్పుకుంటాడు. ఒప్పుకోవడం వేరు, న్యాయం వేరు. బరువు కింద పడిన గాడిద శత్రువుదైనా సరే, దాటిపోకూడదని మోషే ధర్మశాస్త్రం చెప్పింది. నుదుటి పట్టీ కింద మెడ నరాలు ఉబ్బిన మనిషిని ఫోటో తీసుకుని దాటిపోయేవాళ్లకు నేను వేరే ఏం చెప్పను?

ఇంకొందరు రోషగాళ్లున్నారు, "అయితే నా బ్యాగు నేనే మోసుకుంటాను" అంటారు. అందులోనూ నాకు పెద్ద నీతి కనబడదు. ఆ కూలి మీద ఆధారపడిన ఇల్లు ఉంది, పిల్లల బడి ఫీజు ఉంది. మోయించుకోండి, బరువు తూకం వేయించండి, సరైన కూలి ఇవ్వండి. చివరి రోజు టిప్ ఇచ్చి ఫోటో దిగడం కూలికి బదులు కాదు.

2014 మే 25న మన పాకాల అమ్మాయి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా అబ్బాయి ఆనంద్ కుమార్ ఎవరెస్ట్ ఎక్కినప్పుడు మన సంఘాల్లో కూడా చప్పట్లు కొట్టాం, కొట్టాల్సిందే. గురుకుల పాఠశాల పిల్లలు, పేద ఇళ్లవాళ్లు, టిబెట్ వైపు నుంచి ఎక్కారు. అదే సంవత్సరం ఏప్రిల్ 18న నేపాల్ వైపు ఖుంబు మంచుపాతంలో మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. ఎక్కడానికి వచ్చినవారి కోసం దారి సిద్ధం చేస్తూ, సామాను చేరవేస్తూ ఉన్నవాళ్లు. ప్రభుత్వం మొదట ప్రకటించిన సాయం ఒక్కో కుటుంబానికి 40 వేల నేపాలీ రూపాయలు. పనివాళ్లు తిరగబడ్డారు, ఆ వైపు ఆ సీజను దాదాపు ఆగిపోయింది. ఆ పదహారు మంది మాట మన ప్రార్థనల్లో వచ్చినట్టు నాకు గుర్తు లేదు.

ఆ ఊళ్ల గురించీ ఒక మాట. అవి మన ఫోటోకు వెనకాల తెర కాదు, బంగాళదుంపలు పండించుకుని బతికే ఊళ్లు. టెన్జింగ్ నార్గే పెరిగిన థామేను 2024 ఆగస్టు 16న పైనున్న హిమానీ సరస్సు తెగి వచ్చిన వరద ముంచింది. ఇళ్లు పోయాయి, బడి పోయింది. లాడ్జీల్లో గది అద్దె తక్కువ, వాళ్లకు మిగిలేది మనం అక్కడ తినే భోజనంలోనే. మనవాళ్లు ఆవకాయ, కందిపొడి, వేడినీళ్లు పోస్తే అయ్యే ఉప్మా ప్యాకెట్లు మోసుకెళ్లి గదిలో తలుపేసుకుని తింటున్నారని విన్నాను. ఆవకాయ తీసుకెళ్లండి, ఎవరొద్దన్నారు? వాళ్ల పప్పన్నం కొనుక్కుని అందులో కలుపుకోండి.

ఒక చెల్లి ఫోన్ చేసి, దారిలో మంత్రాలు చెక్కిన రాళ్ల గోడలుంటాయి, వాటిని కుడిచేతి వైపు ఉంచుకుని నడవమని గైడ్ అంటాడట, విశ్వాసి అలా నడవొచ్చా అని అడిగింది. నడవమ్మా అన్నాను. ఒకరి ఇంట్లోకి వెళ్తే వాళ్లు చెప్పిన చోట చెప్పులు విడుస్తాం కదా. అయితే ఆ ప్రశ్న నన్ను నలుగురు అడిగారు. పోర్టర్ ఎక్కడ పడుకుంటాడని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు.

అక్టోబరు, నవంబరు నెలల్లో అక్కడ పెద్ద సీజను. బుకింగులు ఇప్పుడే జరుగుతున్నాయి. మన సంఘం నుంచి కూడా ముగ్గురు వెళ్తామని ప్రార్థన కోరారు. డబ్బు కట్టే ముందు కంపెనీకి రాయమన్నాను: ఒక పోర్టర్‌కు ఎన్ని కిలోలు, అతనికి బీమా ఉందా, రాత్రి ఎక్కడ పడుకుంటాడు, రోజు కూలి ఎంత, తిండి అందులోనేనా, జబ్బు చేస్తే అతనితో ఎవరు దిగుతారు. రెండు కంపెనీలకు రాశారు. ఒకరు జవాబుగా మళ్లీ రేటు కార్డే పంపారు, ఇంకొంచెం తగ్గించి. రెండోవారు ప్రతి ప్రశ్నకూ విడిగా జవాబు రాశారు. వాళ్ల ధర ఎక్కువ. ముగ్గురిలో ఒకడికి ఆ డబ్బు చాలదు, వచ్చే ఏడాది వెళ్తానంటున్నాడు. మిగతా ఇద్దరూ వాడి కోసం ఆగాలా వద్దా అని ఇంకా మాట్లాడుకుంటున్నారు.