రుద్రమకు మారువేషం వేసిందెవరు?

ఓరుగల్లు గద్దె మీద ఒక ఆడమనిషి దాదాపు ఇరవై ఏడేళ్లు కూర్చున్నది. 1262 ప్రాంతం నుంచి 1289 దాకా కాకతీయ రాజ్యాన్ని ఏలింది. ఈ సంగతిని ఉన్నదున్నట్టు చెప్పడానికి మన కథకులకు ఇప్పటికీ మనసు రావడం లేదు. ఆమెకు పాగా చుట్టారు. చేతికి కత్తిచ్చి రాకుమారుడని చాటించారు. ఆడపిల్ల అన్న రహస్యం బయటపడితే రాజ్యం కూలిపోతుందని మనల్ని ఊపిరి బిగబట్టి కూర్చోబెట్టారు.

కథ అందరికీ తెలిసిందే. గణపతిదేవ చక్రవర్తికి కొడుకుల్లేరు. బిడ్డను కొడుకని లోకాన్ని నమ్మించాడు. గుట్టు బయటపడగానే హరిహరదేవుడు, మురారిదేవుడు అనే దాయాదులు గద్దె మాదంటే మాదని తిరగబడ్డారు. ఒక వీరుడు అడ్డం వచ్చి రాణిని కాపాడాడు. 2015లో వచ్చిన ‘రుద్రమదేవి’ సినిమాలో మనం చూసింది ఇదే. అంతకు ముందు నుంచీ చెప్పుకుంటున్నదీ ఇదే.

ఈ హరిహర మురారిదేవులు ఎక్కడి వాళ్లు? ఏకామ్రనాథుని ప్రతాపచరిత్రలోంచి వచ్చిన వాళ్లు. అది కాకతీయ రాజ్యం పోయిన చాలా కాలానికి రాసిన పుస్తకం. వీళ్లిద్దరికీ శాసనాధారం దొరకలేదు. కల్పన రాసేవాడికి అంత స్వేచ్ఛ ఉంటుంది, ఉండాలి కూడా. అడవి బాపిరాజు, నోరి నరసింహశాస్త్రి ఈ రాణి కాలం మీద నవలలు రాసి తెలుగు పాఠకుల్లో ఆ పేరు నిలబెట్టారు. ఆ మేలు కాదనలేం. కానీ కల్పనే చరిత్రగా బడిలోకి, సభల్లోకి, మన నోళ్లలోకి వచ్చినప్పుడు మాత్రం నిలదీయక తప్పదు.

ముందుగా మారువేషం సంగతి తేల్చుకుందాం. గుంటూరు జిల్లా మల్కాపురం శాసనం 1261 నాటిది. అందులో రుద్రమ గణపతిదేవుని బిడ్డ అని స్పష్టంగా ఉన్నది. తండ్రి మాటిచ్చిన మందడం ఊరిని, దానితో పాటు వెలగపూడిని ఆమె విశ్వేశ్వర శివాచార్యునికి దానమిచ్చింది. చదువు చెప్పే మఠానికి, ప్రసూతిశాలకు, ఆరోగ్యశాలకు ఆ రాబడి ఖర్చు పెట్టే ఏర్పాటు జరిగింది. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ సచివాలయం ఉన్న వెలగపూడి అదే. ఆమె ఏలుబడి మొదలయ్యే నాటికే రాతి మీద ఆడబిడ్డ అని చెక్కి, గుడి దగ్గర అందరూ చదివేలా నిలబెట్టారంటే ఇక దాచిన గుట్టు ఏమున్నది?

మరి శాసనాల్లో ‘రుద్రదేవ మహారాజు’ అని ఎందుకున్నదని అడగొచ్చు. మహారాజు అన్నది హోదా, మారువేషం కాదు. గద్దె మీద కూర్చున్నది ఎవరైనా ఆ హోదా వాళ్లదే. మోటుపల్లి రేవుకు సంబంధించి రాసిన మార్కోపోలో కూడా ఆ దేశాన్ని ఒక రాణి ఏలిందని, న్యాయం తెలిసిన మనిషని మెచ్చుకున్నాడు. ఆమెను చక్రవర్తి భార్య అనుకోవడం అతని పొరపాటు. కానీ ఏలింది ఆడమనిషి అన్న సంగతి సముద్రం దాటి వచ్చిన వాడికి కూడా తెలిసింది. తెలియనట్టు నటించింది మన కథలే.

ఇక గద్దెకు అసలు పోటీ ఎవరు? అన్నదమ్ములు కారు, సామంతులు. గణపతిదేవుని కొలువులో పెరిగి పెద్దదైన కాయస్థ వంశంలో వాడు అంబదేవుడు. తండ్రికి మొక్కిన వంశం బిడ్డకు తల వంచలేదు. స్వతంత్రుడనని ప్రకటించుకున్నాడు. తన గెలుపులన్నీ ఏకరువు పెట్టి 1290లో త్రిపురాంతకంలో శాసనం వేయించుకున్నాడు. ఇది రాజకుటుంబంలో సవతుల కొట్లాట కాదు. భూమి, కోట, సైన్యం చేతిలో ఉన్న పెద్దలు కేంద్రానికి ఎదురు తిరిగిన రాజకీయం. ఆమె పాత కులీనుల మీదే ఆధారపడకుండా కొత్తవాళ్లను నాయకులుగా పైకి తెచ్చిందని చరిత్రకారులు చెప్తారు. తండ్రి మొదలుపెట్టిన ఓరుగల్లు రాతికోటను పూర్తి చేయించిందీ ఆమే. నవలకైనా సినిమాకైనా ఇంతకు మించిన కథ ఏం కావాలి?

కానీ మన కథల్లో చప్పట్లు ఎవరికి పడ్డాయో చూడండి. బాపిరాజు నవల పేరు ‘గోన గన్నారెడ్డి’. సినిమాలోనూ తెలంగాణ యాసలో డైలాగులు కొట్టి ఈల వేయించుకున్నది ఆ పాత్రే. గన్నారెడ్డి నిజంగా ఉన్నవాడే. రాయచూరు కోట శాసనం అతన్ని 1294లో, అంటే ప్రతాపరుద్రుని కాలంలో చూపిస్తుంది. రాణిని కాపాడే వీరుడి వేషం మాత్రం కల్పన ఇచ్చింది. రాజ్యమేలిన మనిషిని కాపాడబడే మనిషిగా మార్చడం చిన్న మార్పు కాదు.

ఆమె చావు గురించి కథలు చెప్పవు. నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గరి చందుపట్లలో ఒక రాయి చెప్తుంది. 1289 నవంబరు 27 తేదీతో, పువ్వుల ముమ్మడి అనే మనిషి వేయించిన దాన శాసనమది. రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకునికి శివలోకం ప్రాప్తించాలని అందులో ఉన్నది. రాణి, సేనాని కలిసి పోయారు కాబట్టి అంబదేవునితో పోరులోనే అయి ఉంటుందని చాలామంది చరిత్రకారుల అంచనా. గెలిచిన వాడి ప్రగల్భాలు త్రిపురాంతకంలో ఉన్నాయి. ఓడిన రాణి కోసం ఒక మామూలు మనిషి పెట్టుకున్న దండం చందుపట్లలో ఉన్నది. మనం ఏ రాయి పక్కన నిలబడాలి?

మన చరిత్రను ఎవరో రాశారని, తప్పుగా రాశారని ఏళ్ల తరబడి కొట్లాడినం. 2014లో రాష్ట్రం వచ్చింది. ఇక ఆ సాకు చెల్లదు. రుద్రమ బిడ్డ అని చెప్పిన రాయి కృష్ణకు ఆవల ఉన్నది, ఆమె చావు చెప్పిన రాయి ఈవల ఉన్నది. రెండూ చదివితేనే ఆమె దొరుకుతుంది. విద్యార్థులు చందుపట్ల పోయి ఆ శాసనం చూడాలి. పంతుళ్లు దాన్ని పాఠంలో చెప్పాలి. సర్కారు దానికి నీడ కల్పించి, పక్కన తెలుగులో బోర్డు పెట్టాలి. రాసేవాళ్లు ఈసారి పాగా తీసేసి రాయాలి. ఆడమనిషిగానే గద్దెనెక్కి, ఆడమనిషిగానే కొట్లాడి పోయిన రాణి కథ ఇంకా ఎవరూ రాయలేదు.