మైదానం ఉంది, జట్టేదీ?

గచ్చిబౌలిలోని జి.ఎం.సి. బాలయోగి స్టేడియం పరుగు పందేల కోసం పుట్టింది. 2002 జాతీయ క్రీడలకు కట్టారు. పచ్చిక చుట్టూ పరుగుబాట ఉండటంతో గ్యాలరీలో కూర్చున్నవాళ్లకు గోల్ ముందు తోపులాట సరిగా కనబడదు. అయినా హైదరాబాద్‌లో పెద్ద ఫుట్‌బాల్ పోటీ అంటే ఇప్పుడు అక్కడికే వెళ్లాలి. 2024 డిసెంబర్ 31న సంతోష్ ట్రోఫీ ఫైనల్‌లో కేరళను బెంగాల్ ఓడించింది అక్కడే.

దాన్ని సొంత మైదానం చేసుకున్న హైదరాబాద్ ఎఫ్‌సీ కథ చిత్రమైనది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) కప్పు గెలిచింది, కానీ కరోనా వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే ఆడింది. గెలిచిన ఏడాది సొంతూరి గ్యాలరీ ఖాళీ. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయింది. డబ్బుతో వచ్చిన జట్టు డబ్బు దారినే పోతుంది, ఎవరినని ఏం లాభం?

ఇంత స్టేడియం లేని రోజుల్లో ఈ నగరం దేశానికే ఆట నేర్పింది. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుదే. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. 1951, 1962 ఆసియా క్రీడల్లో మన దేశం స్వర్ణాలు గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది ఆయన శిక్షణలోనే. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ మెల్‌బోర్న్ జట్టులోనూ, 1962 జకార్తా జట్టులోనూ ఉన్నాడు.

రహీం సాబ్ పద్ధతులు వింటే ఇప్పటికీ ముచ్చటేస్తుంది. బంతిని కాళ్ల మధ్య ఆడిస్తూ ముందుకు పోవద్దు, పాస్ ఇవ్వాల్సిందే అనే షరతుతో పోటీలు పెట్టేవారు. వాటం లేని కాలితోనే తన్నాలని మరో పోటీ. పొట్టి పిల్లలకు ఇంకొకటి. పిల్లవాడి లోపం ఎక్కడుందో అక్కడే వాడికి ఆట పెట్టడం పంతులుకే తోచే ఉపాయం.

మా తంగళ్ళపల్లి నుంచి మానేరు దాటితే సిరిసిల్ల. సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్య పెరిగే పిల్లలకు గచ్చిబౌలి ఎంతో దూరం. సాయంత్రమైతే క్రికెట్టో, వాలీబాలో. ఫుట్‌బాల్ అంటే టీవీలో మెస్సీ. పల్లెపల్లెకూ స్టేడియం ఎవరూ కట్టలేరు, అడగనూ అక్కర్లేదు. రహీం సాబ్ పెట్టినటువంటి వాటం లేని కాలి పోటీ ఒకటి ఇక్కడి బడి మైదానంలో జరగాలంటే ఒక బంతి, నాలుగు కర్రలు, ఊ అనే పీఈటీ సారు ఉంటే చాలు.