సీనరీ వేయించిన పాపం మనదే

నాలుగో తరగతి పిల్లలకు కాగితమిచ్చి ఏదైనా బొమ్మ వెయ్యమంటే ఏం వేస్తారో మనకి ముందే తెలుసు. రెండు త్రికోణాల కొండలు, వాటి నడుమ సగం సూర్యుడు, నాలుగు పిట్టలు, కిందికి పారే ఏరు, గట్టున ఇల్లు, ఇంటి పక్కన కొబ్బరిచెట్టు. మన బళ్ళలో దీన్ని సీనరీ అంటాం. కొండ ఊసే లేని కోనసీమ పిల్లలూ ఇదే వేస్తారు, కొల్లేటి లంకల పిల్లలూ ఇదే వేస్తారు. కిటికీ అవతల నిజం కొబ్బరిచెట్టు నిలబడి ఉంటే, దాన్ని వదిలేసి బోర్డు మీది కొబ్బరిచెట్టుని చూసి వేశారు. బోర్డు మీద గీసింది మనమే.

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులం మనం. పిల్లలకి బొమ్మలు నేర్పలేదు సరికదా, బడికి వచ్చేనాటికి వాళ్ళ దగ్గరున్నదాన్ని కూడా పోగొట్టాం. ఒకటో తరగతి పిల్ల అమ్మని ఇంటికన్నా పెద్దగా వేస్తుంది. ఆ పిల్ల లెక్కలో అమ్మే పెద్దది మరి. మనం దిద్దాం. ఆకాశం నీలంగా ఉండాలన్నాం, రంగు గీత దాటకూడదన్నాం. మూడో తరగతికొచ్చేసరికి ఆ పిల్ల ప్రతిదానికీ ‘ఏ రంగు వెయ్యాలి సార్?’ అని అడగడం మొదలుపెట్టింది. మనం దాన్ని బుద్ధిమంతుల లక్షణం అనుకున్నాం.

నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చాక మన తప్పుకి కాగితం మీద సాక్ష్యం కూడా పుట్టింది. ప్రగతి పత్రంలో కళలు, సాంస్కృతిక విద్య అని ఒక గడి, పని విద్య అని ఇంకో గడి. ఏడాది పొడుగునా ఒక్క పీరియడ్ చెప్పకుండానే ఆ గడులు నింపాం. లెక్కల్లో తెలివైనవాడికి బొమ్మల్లోనూ మంచి గ్రేడు వేశాం. ఎప్పుడూ వెనక బెంచీలో కూర్చుని మట్టితో ఎడ్లబండి చేసినవాడికి కింది గ్రేడు వేశాం. ప్రాజెక్టుల పేరుతో థర్మోకోల్ ఇళ్ళు తెమ్మన్నాం. స్టేషనరీ షాపువాడో, రాత్రంతా మేలుకున్న తల్లో చేసినవాటిని గోడకి తగిలించి, ఫొటో తీసి పైకి పంపాం.

అడిగితే మన దగ్గర సాకులకేం కొదవ లేదు. వాటిలో కొన్ని నిజాలే. 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళలు అన్ని దశల్లోనూ సబ్జెక్టుగా ఉండాలంది. 2009 విద్యాహక్కు చట్టం మాత్రం కళలకి బోధకుల్ని ఆరు నుంచి ఎనిమిది తరగతులకే రాసింది. అదీ వందమందికి పైగా పిల్లలున్న చోటే, పార్ట్‌టైముగానే. ఒకటి నుంచి ఐదు దాకా ఆ ప్రస్తావనే లేదు. ఒకే టీచరు ఐదు తరగతులు చూసే బడిలో చదవడం, రాయడం గట్టెక్కితే చాలనిపిస్తుంది. కానీ డ్రాయింగ్ మాస్టారు లేకపోతే బొమ్మ లేదనడం మనం నేర్చిన ఒడుపు. వ్యాయామం టీచరు లేడని పిల్లల్ని పరిగెత్తకుండా ఆపలేదు కదా!

చేతిపని సంగతి ఇంకా ఘోరం. 1937లో వార్ధాలో గాంధీజీ చదువుకి చేతిపనే ఇరుసు కావాలన్నారు. అంతకు చాలా ముందే, 1910లో మచిలీపట్నంలో కోపల్లె హనుమంతరావు మొదలైనవారు స్థాపించిన ఆంధ్ర జాతీయ కళాశాలలో చదువుతో పాటు వృత్తివిద్యలకీ చోటుండేది. ప్రమోద్ కుమార్ చటర్జీ అక్కడే చిత్రకళ నేర్పారు. ఆ దారి మనకి తెలియనిది కాదు. నచ్చలేదంతే. చేతిపనంటే కులవృత్తి, కులవృత్తంటే చిన్నతనం అని మన బుర్రల్లో స్థిరపడిపోయింది. చేతిపని బడిలోకి వస్తే కుమ్మరి బిడ్డ కుండల దగ్గరే ఉండిపోతాడన్న భయం అబద్ధం కాదు. 1953లో మద్రాసులో రాజాజీ ఒక పూట బడి, ఒక పూట ఇంటి వృత్తి అన్నప్పుడు జనం తిరగబడింది అందుకే. అయితే ఆ భయానికి మందు కుండని బడి నుంచి తరిమెయ్యడం కాదు. కరణంగారి మనవడి చేతా మట్టి పిసికించాలి, సాలె పిల్ల చేతా పిసికించాలి. ఓరుగల్లు ప్రాంతం నుంచి వచ్చిన కంచ ఐలయ్య పిల్లల కోసం శ్రమ గౌరవం గురించి ఏకంగా పుస్తకమే రాశారు. మనలో ఎంతమందిమి తరగతిలో తెరిచాం?

ఏటికొప్పాకలో అంకుడు కర్రకి లక్క రంగు పట్టిస్తారు. కొండపల్లిలో తెల్లపొణికి చెక్కి, చింతగింజల జిగురూ రంపంపొట్టూ కలిపి బొమ్మ అతుకుతారు. నిమ్మలకుంటలో తోలు మీద రామాయణం గీస్తారు. వీటిని పరిసరాల విజ్ఞానంలో జతపరచండి కింద బట్టీ వేయించాం. ఏ ఊరికి ఏ బొమ్మో పిల్లలు ఠక్కున చెబుతారు. ఆ కర్రే ఎందుకు ఎంచుకున్నారో, అది బరువైతే ఏమవుతుందో, వేరే కర్రతో చేస్తే బొమ్మ ఎలా ఉంటుందో మనం అడగలేదు. డిజైన్ అంటే అలా ఎంచుకోవడమే. మగ్గం ఉన్న ఇంటి పిల్ల ఆసు పోస్తూ దారాలు లెక్కపెట్టగలదని తెలిసి కూడా, హోంవర్క్ చెయ్యలేదని బెంచీ ఎక్కించాం.

బొమ్మా చేతిపనీ బడిలోకి రావడానికి కొత్త పథకం అక్కర్లేదు. చెరువు మట్టి, పాత పేపర్లు, చింతగింజలు, బొగ్గుముక్క ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. లేనిది మన ధైర్యం. మనకి రాదు కాబట్టి నేర్పలేదంటున్నాం. అసలు కారణం వేరు. ఎక్కాలు చెప్పేటప్పుడు జవాబు మన జేబులో ఉంటుంది. మట్టి ముందు కూర్చుంటే ఉండదు. పిల్లవాడు మనకన్నా బాగా చేస్తాడు, తరగతి అంతా చూస్తుంది. నలభై మంది పిల్లల ముందు రానివాళ్ళలా కనిపించడం ఇష్టం లేక మనం కుర్చీ దిగలేదు. వాళ్ళతో నేల మీద కూర్చుని వంకర కుండ ఒకటి మనమూ చేస్తే తప్ప, మిగతా సంజాయిషీలన్నీ వృథా.