రిజిస్టరులో సంతకం నాదే

'మీవారేం చేస్తుంటారండీ?' అని ఎవరైనా అడిగితే 'డ్రిల్లింగ్ కాంట్రాక్టరు' అంటాను. అవతలి మనిషి ముఖం వెంటనే వెలిగిపోతుంది. 'అయితే బోర్ బండి ఉందన్నమాట! మా పెరట్లో బోరు వేయించాలి, అడుక్కి ఎంత తీసుకుంటారు?' పెళ్లిళ్లలో, బ్యాంకులో, ఆఖరికి ఆస్పత్రి వరండాలో కూడా ఇదే ప్రశ్న. మొదట్లో విడమరిచి చెప్పేదాన్ని. ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నాను.

మా బండి నీళ్ల కోసం తవ్వదు. నీళ్ల బోరు బండి రాయిని పొడిచి, పిండి చేసి, గాలితో పైకి ఊదేస్తుంది. మా రిగ్గు రాయిని రాయిగానే పైకి తేవాలి. అరటిబోదెలోంచి దూట తీస్తాం చూడండి, అచ్చం అలా. బిట్టు అనేది లోపల డొల్లగా ఉన్న ఇనప ఉంగరం. దాని అంచులో సన్నటి వజ్రపు రవ్వలుంటాయి. అది గిర్రున తిరుగుతూ దిగుతుంటే మధ్యలో మిగిలిన రాయి కడ్డీలాగా గొట్టంలోకి ఎక్కుతుంది. మామూలుగా వాడే సైజులో ఆ కడ్డీ 47 మిల్లీమీటర్లు, అంటే మన మురుకుల గొట్టమంత లావు. దాన్ని 'కోర్' అంటారు. మూడేసి మీటర్ల ముక్కలుగా పైకి లాగి, వరస తప్పకుండా పెట్టెల్లో పేర్చి, ఏ ముక్క ఎంత లోతులోదో రాసి పెట్టాలి. ఆ పెట్టెలు చూసి జియాలజిస్టు చెప్తాడు, ఇక్కడ బొగ్గు ఉంది, ఇంత మందం ఉంది అని. గని వచ్చేదీ రానిదీ ఆ తర్వాత మాట.

మా ఇంట్లో వజ్రాలున్నాయంటే నమ్మరు గానీ, ఉన్నాయి. గోదాములో, బిట్ల అంచుల్లో. నా చెవులకు మాత్రం లేవు.

మాది కొత్తగూడెం. ఇక్కడ నేలలో బొగ్గున్న సంగతి ఈనాటిది కాదు. 1871లో ఇల్లెందు దగ్గర కింగ్ అనే జియాలజిస్టు బొగ్గు కనిపెట్టాడు. ఇక్కడి పిల్లలకు బోరుహోలు, షిఫ్టు, సైరను అనేవి అమ్మా నాన్న అన్నంత తెలిసిన మాటలు. మా ఆయన కూడా అలాగే పద్దెనిమిదో ఏట ఒక రిగ్గు మీద హెల్పరుగా చేరాడు. తర్వాత డ్రిల్లరయ్యాడు. 2006లో పాత రిగ్గు ఒకటి అమ్మకానికొచ్చింది. నా 12 తులాల బంగారం, మా నాన్న నా పేర రాసిన రెండెకరాలు బ్యాంకులో పెట్టి ఆ రిగ్గు కొన్నాం. భూమి నా పేరున ఉంది కాబట్టి కాగితం మీద నన్ను భాగస్వామిని చేశారు. 'నువ్వూ ఓనరమ్మవే' అన్నాడాయన. సంబరపడ్డాను. అబద్ధమెందుకు?

ఈ పని ఎలా నడుస్తుందో రెండు ముక్కలు చెప్తాను. సొమ్ము మీటరు లెక్కన వస్తుంది. మంచి రోజున ఇరవై మీటర్లు దిగుతుంది, చెడ్డ రోజున రెండు. కోర్ సరిగ్గా రాకపోతే, అంటే నూటికి ఇంత అని ఒప్పందంలో రాసుకున్నంత ముక్క పెట్టెలోకి చేరకపోతే, ఆ మీటర్లకు కోత. డీజిలు ఈరోజే కావాలి, బియ్యం ఈరోజే కావాలి, బిల్లు మాత్రం మూడు నెలలకో ఆరు నెలలకో. ఇక రాడ్లు లోపల ఇరుక్కుపోయాయా, గోవిందా! నేలలో మూడొందల మీటర్ల ఇనుము వదిలేసి రావలసిందే. మా ఆయన ఫోను పెట్టేసి మాట్లాడకుండా మంచం మీద వాలిపోతే నాకు అర్థమయ్యేది, రాడ్లు పోయాయని.

అయినా పెరిగాం. 2015లో గనుల చట్టం మార్చి ఖనిజ బ్లాకుల్ని వేలం వెయ్యాలన్నారు. వేలం వెయ్యాలంటే లోపల ఏముందో ముందు తెలియాలిగా! ఆ ఏడే అన్వేషణ కోసమని ఒక ప్రత్యేక నిధి కూడా పెట్టారు, గనుల వాళ్లు కట్టే రాయల్టీ మీద 2 శాతం అదనంగా వసూలు చేసి. 2021లో ప్రైవేటు అన్వేషణ సంస్థలకూ దారి తెరిచారు. పెద్ద ప్రభుత్వ సంస్థలు తాము తవ్వగా మిగిలింది ప్రైవేటు కాంట్రాక్టర్లకిస్తాయి, వాళ్లు మాలాంటి చిన్నవాళ్లకిస్తారు. అలా ఒక రిగ్గు రెండై, రెండు తొమ్మిదయ్యాయి. ఇవాళ మా మనుషులు మూడు రాష్ట్రాల్లో ఉన్నారు.

ఈ పదకొండేళ్లూ, అంటే 2017 దాకా, నేను ఒక్క సైటూ చూడలేదంటే మీకు ఆశ్చర్యమేస్తుందా? నాకైతే ఇప్పుడు వేస్తోంది. లెక్కలు నేనే రాసేదాన్ని. జీతాల రిజిస్టరు నెలాఖరున వచ్చేది, ఎక్కడ పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంటే అక్కడ సంతకం చేసేదాన్ని. పొయ్యి మీద కూర మాడుతుంటే గబగబా సంతకాలు పెట్టిన రోజులున్నాయి. మనలో చాలామందిమి ఇంతే కదా! ఎల్లైసీ కాగితమా, ఇంటి రిజిస్ట్రేషనా, 'ఇక్కడ పెట్టు' అంటే పెట్టేస్తాం. చదవబోతే 'నామీద నమ్మకం లేదా?' అంటారు. ఆ మాటకు జడిసి ఎంతమంది ఏమేమి సంతకం చేశారో!

2017 వానాకాలంలో ఒక సైట్లో ప్రమాదం జరిగింది. రాడ్డు విప్పుతుండగా పానా జారి హెల్పరు కుర్రాడి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. పాతికేళ్లవాడు. మణుగూరు వైపు పల్లె. వారం తర్వాత వాడి భార్య చంటిపిల్లను చంకనేసుకుని మా ఇంటికొచ్చింది. ఏడవలేదు, తిట్టలేదు. గడప మీద కూర్చుని ఒకటే మాట అడిగింది. 'రిజిస్టర్ల మా ఆయన పేరున్నదా మేడం?'

ఉందనే అనుకున్నాను. లోపలికెళ్లి బీరువా తీసి చూశాను. ఆ సైట్లో పనిచేసేవాళ్లు 22 మంది. రిజిస్టరులో ఉన్నది 14 పేర్లు. బీమా కట్టింది 14 మందికి, పీఎఫ్ కట్టింది 14 మందికి. ఈ కుర్రాడు మిగిలిన ఎనిమిదిమందిలో ఒకడు. ప్రతి పేజీ కిందా నా సంతకం. గుండ్రంగా, అందంగా. స్కూల్లో చేతిరాతకు బహుమతి కూడా వచ్చింది నాకు.

'అందరూ ఇలాగే చేస్తారు. ఆ రేటుకు అందరి పేర్లూ రాస్తే మనకేం మిగుల్తుంది?' అన్నాడాయన. అది పూర్తిగా అబద్ధమూ కాదు. తక్కువకు పాడినవాడికే పని దక్కుతుంది. తక్కువకు పాడాలంటే ఎక్కడో ఒకచోట కోయాలి. డీజిలు కొయ్యలేం, బిట్టు కొయ్యలేం. కోయడానికి దొరికేది మనిషే. అప్పుడు అమల్లో ఉన్న 1923 నాటి నష్టపరిహారం చట్టం ప్రకారం ఒక చేతికి రెండు వేళ్లు పోతే 20 శాతం సంపాదన శక్తి పోయినట్టు లెక్క. కుడిచేత్తో బతికేవాడికి అది ఇరవయ్యేనా అని నాకు అనుమానం. కానీ ఆ ఇరవైకి వచ్చేది కూడా ఇవ్వకుండా ముప్ఫై వేలతో సరిపెట్టాలని మావాళ్లు చూశారు. నేను ఒప్పుకోలేదు. 'సంతకం నాది. రేపు ఆ అమ్మాయి కోర్టుకెళ్తే నిలబడేది నేను' అన్నాను. చట్టం ప్రకారం లెక్కగట్టి, అప్పు చేసి ఇచ్చాం. మా ఆయన నాతో వారం రోజులు మాట్లాడలేదు. పర్వాలేదు, ఆ వారం నేను పాత రిజిస్టర్లన్నీ చదువుకున్నాను.

ఆ తర్వాతే సైటు చూస్తానని పట్టుబట్టి వెళ్లాను. అడవి అంచున క్యాంపు. కోర్ పెట్టెలకు రేకుల షెడ్డు కట్టారు, కింద ఇటుకలు పేర్చి, వాన చుక్క పడకుండా. పక్కనే మనుషులకు చిరిగిన టార్పాలిను. బిల్లు వచ్చేది పెట్టెలకే కదా మరి! నీళ్ల ట్యాంకరుంది, జనరేటరుంది, మడ్డి కలపడానికి తొట్టి ఉంది. మరుగుదొడ్డి మాత్రం లేదు. పొద్దున్నే ఇంట్లో కాఫీ కూడా తాగకుండా బయల్దేరాను కాబట్టి సరిపోయింది. సాయంత్రం దాకా బిగబట్టుకుని కూర్చున్నాను. ఆడవాళ్లకు ఈ అవస్థ విడిగా చెప్పక్కర్లేదు.

2022లో ఒక అమ్మాయి దరఖాస్తు పంపింది. ఉస్మానియాలో ఎమ్మెస్సీ జియాలజీ. కోర్ చూసి రాసే ఉద్యోగం కావాలంది. మా ఆయనా, మా అబ్బాయీ ఒక్కమాటే అన్నారు. 'సైట్లో ఆడపిల్లేమిటి? ఎక్కడ పడుకుంటుంది? ఏదైనా జరిగితే ఎవరు జవాబు చెప్తారు? పైగా రేపు పెళ్లయితే మానేస్తుంది.'

చట్టం ఒప్పుకోదని కూడా అన్నాడు మా అబ్బాయి. అది తప్పు. 1952 గనుల చట్టం ఆడవాళ్లను భూగర్భంలోకి దిగొద్దంది, పైన అయితే ఉదయం 6 నుంచి సాయంత్రం 7 దాకానే అంది. 2019లో దాన్ని సడలించారు. 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కోడ్ అయితే ఆడవాళ్లు అన్ని పనులూ చెయ్యొచ్చంది, వాళ్లు ఒప్పుకుంటే రాత్రి పూట కూడా, తగిన రక్షణ ఉంటే. సరే, అదంతా అలా ఉంచండి. కోర్ చూసి రాసే పని నేల మీద, పగటి వెలుతుర్లో చేసేది. దాన్ని పాత చట్టం కూడా ఏనాడూ వద్దనలేదు. వద్దన్నది మనం. 1983లోనే సుదీప్త సేన్‌గుప్తా అనే జియాలజిస్టు అంటార్కిటికా మంచులోకి వెళ్లొచ్చింది. మన ఆడపిల్ల కొత్తగూడెం నుంచి వంద కిలోమీటర్లు వెళ్లకూడదా?

'పెళ్లయితే మానేస్తుంది' అన్న మాటకు రిజిస్టరు తీసి చూపించాను. అంతకుముందు రెండేళ్లలో ముగ్గురు మగ జియాలజిస్టులు జీతం చాలక మానేశారు. వాళ్లనెవరూ పెళ్లి సంగతి అడగలేదు.

ఇక పడుకునే చోటు. బాత్రూముతో సహా చక్రాల మీద నడిచే గది ఎంతవుతుందో కనుక్కున్నాను. ఆ ఏడాది మేం నేలలో వదిలేసి వచ్చిన రాడ్ల ఖరీదు దానికంటే ఎక్కువ. ఇనుము పోతే 'వ్యాపారంలో మామూలే' అనుకుంటాం. ఆడవాళ్ల మరుగుదొడ్డికి పెట్టాలంటే అది 'అదనపు ఖర్చు'! మీరే చెప్పండి, ఇదేం లెక్క?

చివరికి గది వచ్చింది, అమ్మాయి చేరింది. తోడుగా ఇంకో అమ్మాయిని కూడా తీసుకున్నాం. ఆ రెండో అమ్మాయి నాలుగు నెలలకే మానేసింది, అత్తగారింట్లో ఒప్పుకోలేదట. మా ఆయన 'చూశావా' అన్నట్టు చూశాడు. చూశాను. మొదటి అమ్మాయి మాత్రం ఉంది. ఆమె వచ్చాక కోర్ పెట్టెల మీద లోతులు తారుమారు కావడం తగ్గిందని మా పాత డ్రిల్లరే ఒప్పుకున్నాడు. తమాషా ఏమిటంటే ఆ గది బాత్రూము చూసి మగవాళ్లు కూడా తమకొకటి కావాలని అడిగారు. ఇన్నాళ్లూ అడగాలని వాళ్లకెందుకు తోచలేదో!

ఆ అమ్మాయి మొన్న పండక్కి మా ఇంటికొచ్చి ఒక సంగతి చెప్పింది. అప్పట్నించీ అది నన్ను వదలడం లేదు. సైటు దగ్గర పల్లెలో ఆడవాళ్లు నీళ్లకెళ్తూ ఆగి, 'బిడ్డా, ఈ బోర్లేస్తే మా భూములు పోతయా?' అని అడుగుతున్నారట. రిగ్గు మీది మగవాళ్లను ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. ఈ అమ్మాయి కనబడేసరికి అడిగారు. 'నేనేం చెప్పను ఆంటీ?' అంది. మేం పరీక్ష మాత్రమే చేస్తాం, గని మేం తవ్వం. అది నిజం. కానీ 2019లో నల్లమలలో యురేనియం కోసం బోర్లు వేస్తామన్నప్పుడు అక్కడి జనం బోర్ల దగ్గరే అడ్డుకున్నారు. బోరు మొదటి మెట్టని వాళ్లకు తెలుసు. ఆ సెప్టెంబరులో శాసనసభ కూడా వద్దని తీర్మానం చేసింది. మా తిండి ఆ మొదటి మెట్టు మీదే ఉంది. అందుకని ఆ అమ్మాయికి నేను గొప్ప జవాబేమీ ఇవ్వలేకపోయాను. 'తెలిసింది తెలిసినట్టు చెప్పు, పోవని మాత్రం మాటివ్వకు' అన్నాను.

వచ్చే నెల ఒక టెండరుంది. అంచనా కాగితం ఈసారి నేనే రాశాను. మీటరు రేటులో డీజిలు, బిట్లు, రాడ్లు, జీతాలతో పాటు రెండు కొత్త పద్దులు కలిపాను. ఒకటి, సైట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ బీమా, పీఎఫ్. రెండు, స్నానాల గదులు. రేటు పెరిగింది. 'దీనికి పని మనకు రాదు' అంటున్నాడాయన. రాకపోవచ్చు కూడా. కాగితం మూడు రోజులుగా టీవీ మీదే ఉంది. నా సంతకం పెట్టేశాను, ఆయన ఇంకా పెట్టలేదు.