పట్టికలో పంక్తి తప్పితే పాఠం తప్పుతుంది: మాండలిక, ఛందో పట్టికల నిలువు అమరికపై ఒక వాదం

మాండలిక పరిశీలన, పాఠపరిష్కరణ, ఛందోవిశ్లేషణ – తెలుగు పరిశోధనలోని ఈ మూడు రంగాలలోనూ పట్టిక తప్పనిసరి సాధనం. అయినా పట్టికను ముద్రణకు సంబంధించిన అలంకారంగానే పరిగణిస్తున్నాం. సిద్ధాంత గ్రంథంలో అంచులెంత వదలాలి, అక్షరాల పరిమాణమెంత ఉండాలి అన్న చర్చ జరుగుతుంది గాని, గడిలోని మాట పైన నిలవాలా, నడుమ నిలవాలా, అడుగున నిలవాలా అన్న ప్రశ్న రాదు. ఆ నిర్ణయం డి.టి.పి. కేంద్రానికో, సాఫ్ట్‌వేరుకో దఖలు పడుతున్నది. ఇది పరిశోధకుడు వదులుకోకూడని నిర్ణయమని, వివరణాత్మక పట్టికలలో గడులన్నీ మొదటి పంక్తి ఆధారరేఖపై కలవాలని ఈ వ్యాసం వాదిస్తుంది.

నడిమి అమరిక చేసే నష్టం

కల్వకుర్తి ప్రాంతపు వ్యవసాయ పదాలకు ఒక పట్టిక వేస్తున్నామనుకుందాం. పాలమూరు, నల్లగొండ, రంగారెడ్డి పలుకుబడులు ఒకదానితో ఒకటి ఒరుసుకొనే చోటు ఇది. 2016 జిల్లాల పునర్విభజనలో కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలో చేరింది. పొరుగున ఉన్న ఆమనగల్లు రంగారెడ్డికి వెళ్లింది. దేవరకొండ నల్లగొండలోనే ఉన్నది. ఇటువంటి చోట ఏ రూపం ఏ ఊరిదన్నదే పరిశోధన సారాంశం.

పట్టికలో శీర్షపదం, రూపాంతరాలు, ఊళ్లు, వివరణ అని నాలుగు నిలువు వరుసలున్నవనుకుందాం. ఒక గడిలో మూడు రూపాంతరాలు మూడు పంక్తులలో ఉన్నవి. పక్క గడిలో మూడు ఊళ్లున్నవి గాని, చివరి ఊరి పేరు పొడవై రెండు పంక్తులకు పాకింది. రెండు గడులనూ నిలువుగా నడుమకు చేర్చితే మూడు పంక్తుల గడి నాలుగు పంక్తుల గడి కంటే అర పంక్తి కిందికి దిగుతుంది. అప్పుడు మొదటి రెండు రూపాంతరాలూ రెండేసి ఊళ్ల పేర్ల నడుమ నిలుస్తాయి. మొదటి రూపం మొదటి ఊరిదా, రెండవ ఊరిదా? పాఠకుడు ఊహించుకోవాలి. ఆ ఊహను తరువాతి పరిశోధకుడు ఆధారంగా ఉదాహరిస్తాడు. అక్షరదోషం ఒక్కటీ లేకుండానే ఒక ఊరి మాట మరొక ఊరి ఖాతాలో పడుతుంది.

మొదటి పంక్తులు కలిపినంత మాత్రాన ఈ సమస్య పూర్తిగా తీరదన్నది నిజమే. నడుమనున్న పేరు రెండు పంక్తులైతే దాని కింది వరుస మళ్లీ తప్పుతుంది. కాబట్టి ఒక రూపాంతరానికి ఒక అడ్డువరుస కేటాయించడం మొదటి కర్తవ్యం. మొదటి పంక్తులను కలపడం రెండవది. ఒకటి ఉన్నది గదా అని రెండవది మానరాదు.

తెలుగు లిపి ప్రత్యేకత

గడిలో మాటను పైకి నెట్టడం, ఆధారరేఖలను కలపడం ఒకటి కాదు. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తులు. అందుచేత తెలుగు ఫాంటు ఒక పంక్తికి కేటాయించే ఎత్తు ఆంగ్ల ఫాంటు ఎత్తుకు సాధారణంగా సరిపోదు. ఒక గడిలో తెలుగు పదం, పక్క గడిలో వేరొక ఫాంటులోని అంకెలు ఉన్నప్పుడు రెంటినీ పై అంచుకు ఆనిస్తే అక్షరాలు నిలిచే గీతలు ఎగుడుదిగుడవుతాయి. కలవవలసినది ఆ గీతలు.

ఇంతకంటే తీవ్రమైనది అడ్డువరుస ఎత్తును కచ్చితంగా బిగించడం. ఎత్తు చాలకపోతే మొదట తెగేది ఒత్తు. ఒత్తులు తెగిన ‘కల్వకుర్తి’ ‘కలకురి’ అవుతుంది. ‘చెట్టు’, ‘చెట్లు’ రెండూ ‘చెటు’గా మిగులుతాయి, ఏకవచన బహువచన భేదమే మాయమవుతుంది. భాషాపరిశోధకునికి ఇది దత్తాంశ నష్టం.

ఛందో పట్టికలలోని నియమం వేరు. ఉత్పలమాల పాదానికి 20, చంపకమాల పాదానికి 21 అక్షరాలు. నాలుగు పాదాలనూ గణవిభజన చేసినప్పుడు గురులఘు చిహ్నాల వరుస, అక్షరాల వరుస ఒకదాని తరువాత ఒకటి వస్తాయి. చిహ్నాన్ని గడి నడుమ నిలిపితే అది తన అక్షరానికి ఎంత దూరమో పై పాదపు అక్షరానికీ ఇంచుమించు అంతే దూరం. పై పాదంలో ఒత్తులుంటే అవి కిందికి వేలాడి చిహ్నాన్ని తమదిగా చూపిస్తాయి. కనుక చిహ్నాలు గడి అడుగుకు దిగాలి, అక్షరాలు గడి పైకి చేరాలి. అంటే అమరికను నిర్ణయించవలసినది అర్థసంబంధమే.

రెండు ఆక్షేపణలు

నడిమి అమరిక కంటికి ఇంపుగా ఉంటుందన్నది మొదటి ఆక్షేపణ. శీర్షిక వరుసకు, అన్నీ ఒకే పంక్తిగా ఉన్న చిన్న పట్టికకు అది చెల్లుతుంది; అక్కడ చదువు దారితప్పదు. పంక్తుల సంఖ్య గడిగడికీ మారే పట్టికలో ఆ ఇంపు పాఠకుడి శ్రమతో కొన్నది.

ఇది సాహిత్య విద్యార్థి పని కాదన్నది రెండవ ఆక్షేపణ. అయితే ఎవరి పని? వెబ్ పుటలలో గడి సహజంగా నడిమి అమరికను తీసుకుంటుంది. వర్డ్‌లో పై అమరికను తీసుకుంటుంది. లేటెక్‌లో పై, నడిమి, అడుగు అమరికలకు వేర్వేరు నిర్దేశాలున్నవి. అంటే పరిశోధకుడు మౌనంగా ఉంటే ఏదో ఒక యంత్రం నిర్ణయిస్తుంది. డి.టి.పి. పనివారిని నిందించడం అన్యాయం. ఏ రూపం ఏ ఊరిదో వారికి తెలియదు. తెలిసినవాడు చెప్పాలి.

భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాలపై 1962లో వెలువరించిన మాండలిక వృత్తి పదకోశం, 1971 నాటి చేనేత సంపుటం, మాటను అది వాడుకలో ఉన్న ప్రాంతంతో ముడివేసి నమోదు చేయడం మనకు నేర్పిన గ్రంథాలు. క్షేత్రంలో వేసిన ఆ ముడిని పుటపై విప్పివేయడం ఆ సంప్రదాయానికి తగదు.

ప్రతిపాదనలు

తెలుగు శాఖలు తమ పరిశోధన నియమాలలో నాలుగు వాక్యాలు చేర్చాలి. ఒక రూపాంతరానికి ఒక అడ్డువరుస. వివరణాత్మక పట్టికలో గడులన్నీ మొదటి పంక్తి ఆధారరేఖపై కలవాలి. అడ్డువరుసకు కనీసపు ఎత్తు మాత్రమే నిర్దేశించాలి, బిగించరాదు. గణవిభజన పట్టికలో చిహ్నం తన అక్షరాన్నే అంటిపెట్టుకోవాలి. పరీక్షకులు సైతం పట్టికను ఉద్ధరణ అంత జాగ్రత్తగా సరిచూడాలి. ఒక ముసలి రైతు నోట విన్న మాటకు సాక్ష్యంగా కొన్నిసార్లు ఆ పట్టిక ఒక్కటే మిగులుతుంది.