ఫారంలో కౌలు రైతుకు గడి ఏది?

వేసవి వచ్చిందంటే మీ ఊళ్లోకి చదువుకునే పిల్లలు దిగుతుంటారు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో అట్ట, అట్టకు క్లిప్పు పెట్టిన ఫారాలు. "అమ్మా, రెండు నిమిషాలు" అంటారు. ఆ రెండు నిమిషాలు అరగంటకు తక్కువ కావు. ఎన్ని ఎకరాలు, ఎంత అప్పు, మరుగుదొడ్డి ఉందా, గ్యాసా కట్టెల పొయ్యా... మీరు చెబుతారు, వాళ్లు రాసుకుంటారు, బస్సు ఎక్కి పోతారు. మళ్లీ వేసవికి ఇంకో జట్టు వస్తుంది. పోయినేడు చెప్పిందంతా ఏమైందని మీరు అడగరు. వాళ్లూ చెప్పరు.

అలా వచ్చినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

నేను చదివింది ఎమ్మెస్‌డబ్ల్యూ, అంటే సామాజిక సేవ చదువు. ఈ చదువులో కొన్ని వారాలు ఏదైనా స్వచ్ఛంద సంస్థలో ఉండి పని నేర్చుకోవాలి. ఇంటర్న్‌షిప్ అంటారు. ఇప్పుడిది మా ఒక్కళ్లకే కాదు. 2020-21 నుంచి మన రాష్ట్రంలో మామూలు డిగ్రీ పిల్లలకూ తప్పనిసరి చేశారు. కాబట్టి ముందు ముందు మీ గడప తొక్కే పిల్లలు ఎక్కువవుతారే గానీ తగ్గరు.

2022 వేసవిలో నన్ను పల్నాడులో పనిచేసే ఒక సంస్థకు పంపారు. ఆరు వారాలు. జీతం లేదు, బస్సు ఛార్జీలు మావే. నరసరావుపేట నుంచి గంటన్నర ప్రయాణం. నలుగురు పిల్లలం. మొదటిరోజు పొద్దున ఒక పూట శిక్షణ ఇచ్చారు. "గ్రామస్థులతో కలిసిపోవాలి, నవ్వుతూ మాట్లాడాలి" అని చెప్పారు. నాకు నవ్వొచ్చింది. మా నాన్నకు సొంతం ఎకరంన్నర, కౌలుకు రెండెకరాలు. సెలవుల్లో మిరపకోతకు పోయినదాన్ని నేను. పల్లెటూరివాళ్లతో కలిసిపోవడం నాకు నేర్పుతున్నారు! సరేలే అనుకున్నా. ఫారంలో 46 ప్రశ్నలు. రోజుకు ఎనిమిది ఇళ్లు పూర్తి చేయాలి.

మూడో రోజు ఒక పిన్ని ఇంటికి వెళ్లాను. వసారాలో కూర్చుని తాలు కాయలు ఏరుతోంది. ఆ ఏడు మిరప సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. మన దేశంలో 2015లో బొప్పాయి మీద కనిపించిన నల్ల తామర పురుగు, 2021 చివర్లో మన మిరప చేల మీద పడింది. పూతలోనే దూరి కూర్చుంది. వారానికి రెండుసార్లు మందు కొట్టినా పూత రాలడం ఆగలేదు. చేలకు చేలే దున్నేసినవాళ్లున్నారు.

"సొంత భూమి ఎంత పిన్నీ?" అన్నాను.

"లేదమ్మాయ్."

భూమి లేదంటే నేరుగా 17వ ప్రశ్నకు పొమ్మని ఫారంలో ఉంది. అక్కడ వృత్తి: కూలీ, చేతివృత్తి, వ్యాపారం, ఇతరం. కూలీ దగ్గర టిక్కు పెట్టాను. ఆమె నా చేతి వంక చూసి, "ఏం రాశావ్?" అంది. చెప్పాను.

ఏరే చెయ్యి ఆగిపోయింది. "మూడెకరాల మిరప పెట్టా. ఎకరానికి ముప్పై వేలు కౌలు ముందే కట్టా. పురుగు తినేసి ఆరు లక్షల అప్పులో ఉన్నా. నేను కూలీనా? కూలీకి ఆరు లక్షలు అప్పు ఎవడిస్తాడమ్మాయ్?"

నా దగ్గర జవాబు లేదు. ఫారం ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. 46 ప్రశ్నల్లో కౌలు అన్న మాట ఒక్కచోట కూడా లేదు. కుక్కర్ ఉందా అని అడిగినవాళ్లు కౌలు ఉందా అని అడగలేదు.

ఆ రాత్రి నాన్నకు ఫోన్ చేశాను. "మన కౌలు చేను అడంగల్‌లో ఎవరి పేరున ఉంది నాన్నా?" అని. "ఎవరి పేరునుంటది, ఆసామి పేరునే" అన్నాడు. ఇరవై రెండేళ్లొచ్చి, పీజీ చదువుతూ, అడంగల్‌కూ వన్‌-బీకీ తేడా నాకు ఆ రోజుదాకా తెలీదు. వన్‌-బీ భూమి ఎవరిదో చెబుతుంది. ఏ నంబరులో ఎవరు ఏ పంట వేశారన్నది అడంగల్‌లో ఉండాలి. అనుభవదారు గడి ఉన్నదే అందుకు. కానీ కౌలుదారు పేరు ఆ గడిలోకి ఎక్కేది ఎన్ని ఊళ్లలో? మీ ఊళ్లో ఎక్కుతోందేమో మీరే చూసుకోండి.

మర్నాడు సంస్థ కార్యకర్తను అడిగాను. మంచి మనిషి. పదిహేనేళ్లుగా ఆ ఊళ్లలో మోటారు సైకిల్ మీద తిరుగుతున్నాడు. ఎవరి గేదె ఎప్పుడు ఈనిందో కూడా ఆయనకు తెలుసు. "ఈ ఫారం మనం రాసింది కాదమ్మా. డబ్బిచ్చేవాళ్లు అడిగిన ప్రశ్నలివి. మార్చే అధికారం నాకు లేదు. అంచు మీద 'కౌ' అని రాసి పెట్టు" అన్నాడు. అలాగే రాశాను. నేను నింపిన 112 ఫారాల్లో 41 ఫారాల అంచుల మీద 'కౌ' పడింది.

చివరి వారం ఆ ఫారాలన్నీ కంప్యూటర్‌లో ఎక్కించే పనీ నాకే ఇచ్చారు. కంప్యూటర్‌లో అంచు ఉండదు కదా! గడిలో ఉన్నదే ఎక్కుతుంది. నలభై ఒక్కమందిలో సొంత చెక్క ఏదో ఉన్న పద్నాలుగు మంది రైతులుగా మిగిలారు. తతిమ్మా ఇరవై ఏడుగురిని నా చేతులతో నేనే కూలీలను చేశాను.

దాందేముంది, కాగితం మీద మాటేగా అంటారా? కాగితం మీద మాటకే సాయం వస్తుంది. ఆ సంస్థ చిన్న, సన్నకారు రైతులకు టార్పాలిన్ పట్టలు పంచింది. రెండున్నర ఎకరాల లోపు సన్నకారు, అయిదెకరాల లోపు చిన్న రైతు. ఆ జాబితా తీసేది సొంత భూమి లెక్కతో. మూడెకరాల కాయ ఆరబోసుకునే పిన్నికి పట్ట రాలేదు. ఆమె ఆసామికి వచ్చింది. పొలం కౌలుకిచ్చి పట్నంలో ఉంటున్నాడు, పట్ట ఏం చేసుకుంటాడో నాకు తెలీదు. పంచేరోజు బ్యానర్ కట్టి ఫొటోలు తీశారు. నన్నూ నిలబడమన్నారు. నిలబడ్డాను, దాచుకోవడమెందుకు.

సర్కారు కాగితాల్లోనూ కథ ఇంచుమించు ఇంతే. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో సాగుదారుల చట్టం తెచ్చి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. దానికి ఆసామి సంతకం అక్కర్లేదు. దాని స్థానంలో 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల కార్డు. కార్డుంటే పంట రుణం, బీమా, నష్టపరిహారం అన్నీ కౌలుదారుకు రావాలని చట్టంలో రాశారు. కానీ ఒప్పందం మీద ఆసామి సంతకం ఉండాలి. ఆ ఒక్క సంతకం దగ్గర బండి దిగబడిపోయింది.

ఆసాములందరూ చెడ్డవాళ్లని నేను అనను. పాత కౌలు చట్టాల భయం వాళ్ల తండ్రుల కాలం నుంచీ ఉంది. పేరు ఎక్కిస్తే భూమి పోతుందని. కార్డువల్ల భూమి మీద ఏ హక్కూ రాదని 2019 చట్టంలో ఉన్న మాట వాళ్ల చెవిన పడలేదు. పైగా చాలామంది అదే నంబరు మీద బ్యాంకులో పంట రుణం తీసుకుని ఉంటారు. కౌలుదారుకు కార్డు ఇస్తే తమ అప్పుకు అడ్డమొస్తుందని ఇంకో బెంగ. బ్యాంకు కూడా ఒక నంబరు మీద రెండు పంట రుణాలు ఇవ్వదు.

చివరి రెండు వారాలు సాయంత్రంపూట నేనూ ఆ కార్యకర్తా ఆసాముల ఇళ్లకు తిరిగాం. చట్టంలో ఆ మాట ఉన్న కాగితం జిరాక్స్ తీసుకుని, చదివి వినిపించాం. పదకొండు మందిని కలిస్తే నలుగురు సంతకం పెట్టారు. ఒకాయన కాఫీ ఇచ్చి మరీ కాదన్నాడు. పిన్ని ఆసామి ఫోన్‌లోనే, "నా నంబరు మీద ఎవరి పేరూ వద్దమ్మా, కావాలంటే కౌలు మానుకోమను" అన్నాడు. నా ఆరు వారాల్లో ఊరికి పనికొచ్చింది ఏదన్నా ఉంటే ఆ నాలుగు సంతకాలు. కాలేజీకి ఇచ్చిన నివేదికలో వాటికీ గడి లేదు. ఎన్ని ఫారాలు నింపారు అన్నదే అడిగారు.

అయితే సర్వేలు దండగా? అననే అనను. 2018లో రైతు స్వరాజ్య వేదిక వాళ్లు టాటా సామాజిక విజ్ఞాన సంస్థ విద్యార్థులతో కలిసి తెలంగాణలో రైతు ఆత్మహత్యలు జరిగిన 692 కుటుంబాలను అడిగి చూశారు. చనిపోయినవారిలో నూటికి 75 మంది కౌలుకు చేసినవాళ్లని తేలింది. ఆ పిల్లలూ నాలాగా అట్ట పట్టుకుని గడప గడపకూ తిరిగినవాళ్లే. తేడా ఎక్కడుందంటే, వాళ్లు కౌలు సంగతి అడిగారు, తేలిన లెక్క దాచుకోకుండా పదిమందిలో పెట్టారు. సర్కారు వాదనకు ఎదురుగా నిలబెట్టడానికి ఒక అంకె దొరికింది. ఫారం అంటే అలా ఉండాలి.

కాబట్టి ఈసారి ఎవరైనా పిల్లలు వస్తే కసురుకోకండి. అలాగని అడిగిందల్లా చెప్పి పంపకండి. ముందు ఆ ఫారం చదివి వినిపించమనండి. కౌలుకు గడి ఉందా అని అడగండి. లేకపోతే "మాది రాయడానికి చోటు లేని ఫారానికి మేమెందుకు చెప్పాలి?" అనండి. నలుగురు రైతులు ఆ మాటంటే పిల్లలు వెళ్లి పైవాళ్లకు చెప్పక తప్పదు. నన్ను మొదటిరోజే ఎవరైనా అని ఉంటే రెండు రోజులు ముందే కళ్లు తెరిచేదాన్ని. లెక్క తేలాక ఊళ్లో చదివి వినిపిస్తారా, ఎప్పుడు, ఎవరు వస్తారు, ఇదీ అడగండి. ఫోన్ నంబరు రాయించుకోండి. ఒకటి మాత్రం గట్టిగా పట్టుకోండి: సర్వేకు ఆధార్ జిరాక్స్ అక్కర్లేదు, వేలిముద్ర అక్కర్లేదు, ఫోన్‌కు వచ్చే ఓటీపీ అసలే అక్కర్లేదు. ఎవరడిగినా ఇవ్వకండి.

ఆ తర్వాత వాళ్లచేత మీ పని చేయించుకోండి. చదువుకున్న పిల్లలు ఊరకే దొరికారు కదా! అడంగల్ తీయించి చదివించుకోండి. ఈ-పంటలో మీరు వేసిన పంట ఎవరి పేరున ఎక్కిందో చూడమనండి. అది ఆసామి పేరున ఎక్కిందంటే, వాన ముంచినా పురుగు తిన్నా పరిహారం ఆయన ఖాతాకే పోతుంది. జాబితా గోడకు అంటించిన రోజే చూసుకుంటే అభ్యంతరం చెప్పే వీలుంటుంది. రైతు భరోసా కేంద్రాలకు 2024లో రైతు సేవా కేంద్రాలని పేరు మార్చారు గానీ, వెళ్లాల్సింది అక్కడికే. సంతకం దొరకనివాళ్లు ఉమ్మడి బాధ్యత సంఘం గురించి అడగండి. నలుగురి నుంచి పదిమంది వరకు కౌలుదారులు ఒకరికొకరు పూచీ పడి బ్యాంకు అప్పు తీసుకునే పద్ధతి అది, నాబార్డు ప్రోత్సహిస్తోంది. భూమి కాగితం తాకట్టు అక్కర్లేదు. అయితే బ్యాంకు మెట్లు ఎక్కి దిగే ఓపిక కావాలి. ఆ తిరుగుడు సంస్థవాళ్లను తిరగమనండి. పట్టలు పంచి ఫొటో దిగడం కన్నా కష్టమైన పని, నిజమే.

సంస్థలవాళ్లకూ ఒక మాట. మీ దగ్గరికొచ్చే పిల్లలు ఊరకే తిరిగేవాళ్లు కాదు. చాలామంది మా బోటి ఇళ్లలోంచి వచ్చినవాళ్లే. ఫారం అచ్చు వేయించే ముందు ఒక్కసారి మాకు చూపించండి.

పిన్ని ఆ ఏడు మూడెకరాలూ వదిలేసింది. వేరేచోట ఎకరంన్నర తీసుకుని పత్తి వేసింది. అదీ నోటిమాట కౌలే. నా ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ మీద 'అత్యుత్తమం' అని రాసి, సంతకం చేసి, ముద్ర వేసి ఇచ్చారు.

మా నాన్న ఇప్పటికీ తన ఆసామిని సంతకం అడగలేదు. నేను రెండుసార్లు గట్టిగా చెప్పాను. "నువ్వు ఊళ్లవాళ్లకు చెప్పు తల్లీ. నేనడిగితే వచ్చే ఏడు చేను ఇంకొకడికి ఇస్తాడు" అంటాడు. ఆసామి సంక్రాంతికి ఊరొస్తాడు. ఈసారి నాన్నతో పాటు నేనూ వెళ్తానని చెప్పాను. నాన్న ఔననలేదు, కాదనలేదు.

– ఒక కౌలు రైతు కూతురు, పల్నాడు జిల్లా