చుక్కల లెక్క

"కళ్ళెదుట ఫోటో పెట్టినా నమ్మరేమిటండీ?" అని మన హేతువాదులను చాలామంది నిలదీస్తుంటారు. నమ్మే ముందు అందులో చుక్కలెన్నో లెక్క చూడాలి, అంతే.

డిజిటల్ ఫోటో గళ్ళ కాగితం లాంటిది. ఒక్కో గడికి ఒకే రంగు. ఆ గడినే పిక్సెల్ అంటారు. గడి కంటే చిన్నవైన వివరాలన్నీ ఆ ఒక్క రంగులో కలిసిపోతాయి.

1976 జూలై 25న వైకింగ్-1 అంగారకుడిపై సైడోనియా ప్రాంతాన్ని ఫోటో తీసింది. అందులో ఒక కొండ అచ్చం మనిషి ముఖంలా కనబడింది. అది వెలుగునీడల మాయ అని నాసా అప్పుడే చెప్పింది. అయినా అది గ్రహాంతరవాసుల కట్టడమంటూ పుస్తకాలొచ్చాయి. ఆ ఫోటోలో ఒక్కో పిక్సెల్ 40 మీటర్లకు పైగా నేలకు సమానం. అంటే పెద్ద భవనమైనా ఒక్క చుక్క! ముక్కుపుటంలా కనబడిన నల్లచుక్క అయితే ప్రసారంలో సమాచారం పోయిన చోటు. 1998లో మార్స్ గ్లోబల్ సర్వేయర్ అదే చోటును పిక్సెల్‌కు సుమారు 4 మీటర్ల చొప్పున తీసింది. 2001లో అది 1.56 మీటర్లకు వచ్చింది. ముఖం పోయింది, కొండ మిగిలింది.

"ఉన్న ఫోటోనే పెద్దది చేస్తే సరిపోదా?" అంటారు. సరిపోదు. నేను రక్షణ శాఖ పద్దులు చూసినవాణ్ణి. లక్షలకు సవరించిన 3 లక్షల అంకెను 3,00,000.00 అని తిరగరాసినంత మాత్రాన పోయిన రూపాయలు, పైసలు తిరిగి రావు. అసలు వోచరు తీయాల్సిందే.

ఇప్పుడు కృత్రిమ మేధ మసక ఫోటోను మెరిసేలా చేస్తోంది. అది పోయిన వివరాన్ని వెతికి తేదు, ఉండొచ్చనుకున్నదాన్ని కల్పిస్తుంది. 2020లో పల్స్ అనే ప్రోగ్రాంకు ఒబామా మసక ఫోటో ఇస్తే తెల్లజాతి మనిషి ముఖం వచ్చింది! రేపు సీసీటీవీలోని మసక ముఖాన్ని ఇలాగే "బాగుచేసి" ఎవరినో దొంగ అంటే? వోచరు లేని పద్దు మీద ఒకరిని జైలుకు పంపినట్టే.

ఈ నియమం మనకూ వర్తిస్తుంది. ఒక బాబా మోసం బయటపడిందంటూ మనవాళ్ళే మసక ఫోటో పంపితే చప్పట్లు కొట్టకండి. అసలు ఫైలు అడగండి. పొగలో దేవుణ్ణి చూసేవారిని అడిగే ప్రశ్న మనల్ని మనం అడగకపోతే, మనదీ ఇంకో నమ్మకమే అవుతుంది.